నోటితో ఊదిన నిప్పు

మా పక్క క్వార్టర్ కాక బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఎండాకాలం ఆదివారం సాయంత్రాలు వాడకట్టంతా ఆయన వాకిట్లో చేరేది. సైకిల్ పుల్లలకు మటన్ ముక్కలు గుచ్చి కబాబులు కాల్చేవాడు. విసనకర్ర అందిస్తే కసురుకునేవాడు.

"దాంతోని మాడుతదిరా. నోటితోని ఊదితేనే మంట మన చేతుల ఉంటది."

వంగి, బుగ్గలు పూరించి ఒక్కసారి ఊదితే కట్టెబొగ్గులు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రబడేవి.

మొన్న మే నెలలోనూ పిలిచాడు. అప్పటికే బాయి దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పొయ్యి మీదికి వంగి ఊదాడు. నిప్పు మీది బూడిద కూడా కదల్లేదు. దగ్గి, మళ్లీ ఊదాడు.

"బొగ్గులు తడిసినట్టున్నయ్‌రా," అన్నాడు మా వైపు చూడకుండా.

రోళ్లు పగిలే ఎండల్లో తడి ఎక్కడిది? అయినా "అవు కాకా, తడిసినయ్" అన్నాం. విసనకర్ర గోడకే వేలాడుతోంది. దాన్ని తీసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఆయన భార్య పచ్చి ముక్కలను పుల్లల నుంచి ఊడదీసి, లోపలికి తీసుకెళ్లి కూర వండింది.

మేం తిని లేచాక ఆమె కంచంతో వచ్చింది. "జర లేచి తినరాదా?"

"నిప్పు రానియ్యి," అన్నాడు కాక, చల్లారిన బొగ్గులను ఊదుతూనే.