దిబ్బ మీద కుట్టిన తోలు చక్రం

మేం కృష్ణ ఒడ్డుకు చేరేసరికి ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. మహబూబ్‌నగర్ నుంచి రెండు లారీల్లో వచ్చాం. వాన ఆగలేదు. నల్లరేగడి బురద చక్రాలకు పట్టుకుంటే చివరి రెండు మైళ్లు లారీలను మేమే తోశాం. అరవైల నాటి సంగతి ఇది.

మాది సైన్యంలో ఇంజినీర్ల దళం. వంతెనలు వేయడం, పడవలు నడపడం మా పని. నేను పడవ మోటార్ల మెకానిక్‌ని. మాది నల్లగొండ జిల్లా తిరుమలగిరి. సరిహద్దులో మూడేళ్లు చేశాక, ఇంటికి ఇంత దగ్గరలో డ్యూటీ పడటం అదే మొదలు. ఊళ్లో వాళ్లు నన్ను సరిహద్దు గురించే అడుగుతారు. నేను ఎక్కువ భయపడింది ఈ ఏటి మీద.

మా సుబేదారు గోదావరి ప్రాంతం వాడు. గొడుగు లేకుండా నిలబడి ఆర్డరు చెప్పాడు.

"ఎదురుగా ఏట్లో దిబ్బ మీద పదమూడు మంది ఉన్నారయ్యా. గొర్రెల కాపర్లు. ఏరు పెరుగుతోంది. రెండు ట్రిప్పుల్లో తెచ్చెయ్యండి. రెండో పడవ భీమా నది కలిసే చోటికి పోయింది. సాయంత్రం దాకా రాదు."

ఒక పడవ. ఇరవై అయిదు గుర్రాల శక్తి ఉన్న మోటారు. రెండు తెడ్లు, వంద అడుగుల తాడు, ఒక పెట్రోలు డబ్బా, పానాల సంచి, వైర్‌లెస్ సెట్టు. మనుషులం ఇద్దరం. నాతో వచ్చిన తెడ్డు జవాను తమిళుడు. మాట తక్కువ, చెయ్యి గట్టిది.

ఏడు నలభైకి బయల్దేరాం. ఏరు అర మైలు వెడల్పు. నీళ్లు ఎర్రగా, చెట్ల కొమ్మలతో వస్తున్నాయి. సగం దాటాక రంగు కాలిన వాసన తగిలింది. వెనక్కి చూశాను. మోటారు పక్క రంధ్రం నుంచి సన్నగా పడాల్సిన ధార పడటం లేదు.

ఆ మోటారు ఏటి నీళ్లే పైకి తోడుకుని ఒళ్లు చల్లబరుచుకుంటుంది. ధార ఆగిందంటే లోపల కాలిపోతున్నట్టే. మూత మీద చెయ్యి పెట్టాను. ఒక్క క్షణం కూడా ఆనలేదు. ఆపితే ఏరు మమ్మల్ని దిగువ బండల మీదికి కొడుతుంది. నడిపితే పిస్టన్లు బిగుసుకుంటాయి. వేగం తగ్గించి దిబ్బ వైపు తిప్పాను. గట్టుకు పది గజాల దూరంలో మోటారు దగ్గి ఆగిపోయింది. జవాను తాడు విసిరాడు. నడుం లోతు నీళ్లలో నిలబడిన ఒక ముసలాయన అందుకున్నాడు. కాపర్ల పెద్ద, మల్లయ్య.

దిబ్బ మీద రెండు వందల గొర్రెలు, చలికి వణికే మనుషులు. మోటారు పొగలు చూసి ఒకతను కుండతో నీళ్లు తెచ్చి పొయ్యబోయాడు.

"పొయ్యకు! పగులుతది!" అని అరిచాను.

మల్లయ్య భార్య కొమురమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "గీ పిలగాడు మన దిక్కోడే. ఏ ఊరు బిడ్డా?"

"తిరుమలగిరి, అవ్వా."

"మోటారు నడుస్తదా?"

"నడిపిస్త," అన్నాను. నాకే నమ్మకం లేదు.

జవాను నీటి అంచున ఒక తెడ్డు పాతాడు. అదే మా కొలబద్ద. సెట్టులో సుబేదారు గొంతు వినిపించింది.

"పడవ ఒకటి, ఏమైంది?"

"మోటారు వేడెక్కింది సార్. నీళ్లు లాగడం లేదు. విప్పుతున్నాను."

"ఎంతసేపు?"

"చెప్పలేను సార్."

"ఎగువన ఇంకా వానే. పది దాటాక ఆ దిబ్బ ఉంటుందో లేదో నేనూ చెప్పలేను."

ఎనిమిది గంటల అయిదు నిమిషాలు. మోటారును పడవ నుంచి దింపి గొంగడి మీద పడుకోబెట్టాం. ముందు నీళ్లు లాగే కింది జాలీ చూశాను. గడ్డి, బురద. ఊచతో తీసేశాను. తప్పు అంతేనని ఆశపడి, కాపర్ల డ్రమ్ములో నీళ్లు నింపి, మోటారు కింది కాలు అందులో ముంచి స్టార్టరు తాడు లాగాను. మోటారు తిరిగింది. ధార లేదు. వెంటనే ఆపాను. ఇక కింది భాగం మరలు విప్పాల్సిందే. లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం బయటికి వచ్చింది. ఆరు రెక్కల్లో నాలుగు లేవు. ఇసుక నమిలేసింది. తెగిన ముక్కలు నీళ్ల గొట్టంలో ఇరుక్కున్నాయి. ఒక్కొక్కటే లాగాను.

కొత్త చక్రం కోసం సంచి వెతికాను. లేదు. పొద్దున తొందరలో విడిభాగాల డబ్బాను రెండో పడవలో పెట్టింది నేనే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"జానెడు ఎక్కింది," అన్నాడు జవాను తెడ్డు చూసి.

అప్పుడు దూరం నుంచి ఒక గొంతు. "జర నేను చూడొచ్చా సారూ?"

అందరికీ పది అడుగుల అవతల ఒక్కడే కూర్చున్న మనిషి. ఎల్లయ్య. కాపర్ల చెప్పులు కుట్టడానికి వచ్చి చిక్కుకుపోయాడు. అతను దగ్గరికి వస్తుంటే కొందరు పక్కకు జరిగారు. అతను పట్టించుకోలేదు. తెగిన చక్రాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"గిది తోలుతోని అయితది. బాయిల నీళ్లు తోడే మోటకని కోసిన బర్రెతోలు ఉన్నది నా తాన. ఎంత మందం గావాలె?"

చూపించాను. మూడు పొరలు కావాలన్నాడు. పాత చక్రం పెట్టి బొగ్గుతో గీత గీసి కత్తితో కోశాడు. పొరలు కలిపి నరంతో కుట్టాడు. నడుమ ఇరుసుకు రంధ్రం, దానికి చిన్న గాడి. రెండుసార్లు బిగుతైంది. రెండుసార్లూ వెంట్రుకంత చెక్కాడు. తోలుకు ఇంజిన్ నూనె పట్టించి బిగించాను.

తొమ్మిది ఇరవై. తాడు లాగాను. మోటారు అందుకుంది. ధార లేదు. లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఎనిమిది దాకా వచ్చాక రంధ్రం నీళ్లు ఉమ్మింది. తర్వాత సన్నగా, ఆగకుండా పడింది.

పడవ ఎక్కేటప్పుడు ఒకతను అన్నాడు: "ఎల్లయ్య ఆఖరికి వస్తడు తియ్."

"లేదు. రెండు ట్రిప్పులకూ నా పక్కన కూసుంటడు," అన్నాను. "చక్రం తెగితే మళ్ల కుట్టాలె."

ఎల్లయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "నాకు ఈత రాదు సారూ." అయినా ఎక్కాడు.

మొదటి ట్రిప్పు ఎల్లయ్యతో కలిపి ఏడుగురు. సగం వేగం. ఇరవై రెండు నిమిషాలు. ఒడ్డు దొరికాక కూడా అతను దిగలేదు. వాళ్లను దించి, ఖాళీ పడవలో నాతోపాటు మళ్లీ దిబ్బకు వచ్చాడు. దారి పొడుగునా మోటారు మీద చెయ్యి తీయలేదు.

"ఏడి ఉన్నది గని, కాలుతలేదు," అంటూనే ఉన్నాడు.

పది గంటల ఎనిమిది నిమిషాలకు మిగిలిన ఆరుగురినీ ఎక్కించుకున్నాం. దిబ్బ మీద పొడి జాగా ఒక కల్లమంత మిగిలింది. పడవలో గొర్రెలకు చోటు లేదు. మల్లయ్య పడవలో కూర్చుని కొమురమ్మ భుజం మీద ముఖం పెట్టుకున్నాడు.

పదిన్నరకు అందరూ ఒడ్డున ఉన్నారు. విప్పి చూస్తే తోలు రెక్కల అంచులు పీచులై వేలాడుతున్నాయి. ఇంకో ట్రిప్పుకు వచ్చేవి కావు. సుబేదారు ఆ చక్రాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎల్లయ్యకు తన మగ్గులోనే చాయ్ పోసి ఇచ్చాడు. విడిభాగాల డబ్బా సంగతి అప్పుడు ఒప్పుకున్నాను. "ఇంకోసారి వద్దయ్యా," అని ఊరుకున్నాడు.

మూడు వారాలకు ఏరు తగ్గింది. సెలవు దొరికి తిరుమలగిరి పోయాను. మా అవ్వ సర్వపిండి చేసి పెట్టి, ఎక్కడెక్కడ తిరిగావో చెప్పమంది. మనుషులందరినీ తెచ్చామని చెప్పాను. అది నిజమే. ఒక్క గొర్రె కూడా ఒడ్డు చేరలేదన్న సంగతి చెప్పలేదు.

ఆ రెండో ట్రిప్పులో ఎవరూ వెనక్కి చూడటం లేదు. ధార ఆగుతుందేమోనని నేనొక్కడినే వెనక్కి చూడాల్సి వచ్చింది. ముందున్న పొట్టేలు మల్లయ్య పోతున్న దిక్కుకు నీళ్లలో కాలు పెట్టింది. ఎవరూ పిలవలేదు. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. తర్వాత మంద మొత్తం. ఎర్రనీళ్ల మీద, మా పడవ గీసిన దారిలో, తలలు మాత్రమే తేలుతూ వరసగా వస్తున్నాయి.