నిద్ర మీద నా ప్రసంగం

నిద్రపోతూ ప్రసంగం చేసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? నేను చేశాను. అదీ నిద్ర గురించిన ప్రసంగమే. ఎలా మునిగానో చెబుతాను, కాస్త జాలిపడుతూ నవ్వండి.

తొంభైలనాటి మాట. ఉయ్యూరులో ఏడో తరగతి. మా బడిలో వక్తృత్వ పోటీ గెలిస్తే, పై పోటీకి గన్నవరం తీసుకెళ్లి, అది అయ్యాక విమానం దగ్గరగా చూపిస్తామన్నారు. అప్పటిదాకా నేను చూసిన విమానం చెరుకుతోటల మీద చీమంత చుక్క. దాని పొట్ట కింద నిలబడి తలెత్తి చూడటమే నా జీవితాశయం.

మా సైన్సు మాస్టారు పిల్లల జ్ఞాపకశక్తికి నిద్ర ఎంత అవసరమో రెండు పేజీలు రాసిచ్చారు. "సాయంత్రం నాలుగుసార్లు చదువుకుని హాయిగా పడుకోరా. మిగతాది నిద్రే చూసుకుంటుంది" అన్నారు. ప్రసంగంలో మూడో పేరా చెప్పేదీ అదే. నేను దాన్ని బట్టీపట్టానే గాని, వినిపించుకోలేదు.

ఏడింటికి గొంతెత్తేవాణ్ణి. నాలుగో తరగతి చదివే మా చెల్లి సుహాసిని గంటన్నర నా గోల భరించి, ముసుగుతన్ని పడుకునేది. నేను మాత్రం పరీక్షలప్పుడు పిల్లలు చేసే పనే చేశాను. చన్నీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని మూడు రాత్రులు మేలుకున్నాను. షుగర్ ఫ్యాక్టరీ నుంచి తియ్యటి పాకం వాసన తేలివచ్చి కనురెప్పల మీద వాలేది. అక్షరాలు రెక్కలు తొడుక్కుని పేజీ మీంచి మెల్లగా గాల్లోకి లేచేవి. ఆసుపత్రిలో నర్సు అయిన మా అమ్మ డ్యూటీ నుంచి రాగానే, "కాళ్లు నానేసి ఏం మొలకెత్తిస్తావురా? పడుకో" అనేది.

పోటీ రోజు వేదికెక్కాను. "సభకు నమస్కారం. నిద్ర చాలని పిల్లవాడు..." అన్నాను. వాడేమవుతాడో ఎంతకీ గుర్తురాలేదు. మైకు కడ్డీ నుదుటికి చల్లగా తగిలింది. కళ్లు మూసుకున్నాను. అభినయం అనుకుని జనం చప్పట్లు కొట్టారట. నేనప్పటికే విమానం పొట్ట కింద ఉన్నాను. ఇంజను గుర్రుమని మోగుతోంది. ఆ మోత నా ముక్కులోంచి వచ్చి, లౌడ్‌స్పీకరెక్కి, వీధి చివరిదాకా వెళ్లిందని తరవాత తెలిసింది.

మాస్టారు భుజం తట్టారు.

"లేచే ఉన్నానమ్మా, చదువుతున్నా" అన్నాను, మైకులోనే.

ముందు వరసలోంచి మా చెల్లి లేచింది. "అన్నయ్యా, 'చదివింది మర్చిపోతాడు' అనాలి" అంది. తరవాతేమిటని మాస్టారు దాన్ని వేదిక మీదికి పిలిచారు. రెండు పేజీలూ, నేను రోజూ దగ్గే చోట దగ్గుతో సహా, అప్పజెప్పేసింది.

మొదటి బహుమతి దానికే. ప్రకటిస్తూ మాస్టారు అన్నారు: "ప్రసంగం చెల్లెలు చేసింది. రుజువు అన్నయ్య చూపించాడు."

అది గన్నవరం వెళ్లొచ్చాక, విమానం ఎలా ఉందని బతిమాలి అడిగాను.

"పొట్ట తెల్లగా ఉంది. నీకు కలలో కనిపించిందిగా, అలాగే" అంది.

ఆ సాయంత్రమే బకెట్ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎంత ఘనకార్యం కోసమైనా సరే, రాత్రి తొమ్మిది దాటి మేలుకోను. ఇప్పుడు తొమ్మిదికి రెండు నిమిషాలుంది. నేను మాట తప్పే మనిషిని కాను.