క్రిస్మస్‌కు పోయి పెద్దనాయన్ని చంపిన వైనం

ఇరవై మూడేళ్ళ వయసులో నాకున్నంత మంచితనం మళ్ళీ ఎప్పుడూ లేదు. అప్పట్లో ఎవరైనా కులం మాటెత్తితే చాలు, ముక్కు చిట్లించి, "నాకట్లాంటివి లేవప్పా" అనేవాణ్ణి. ఎత్తకపోయినా అనేవాణ్ణి. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి గడప ఎవరు దాటొచ్చో ఎవరు దాటకూడదో నాకు బాగా తెలుసు. కానీ అది మా ఇంటివాళ్ళ సంగతి కదా, నాది కాదు కదా! (ఆ ఇంటి అన్నమే తిని ఈ గొప్పవాడు పెరిగాడన్నది అప్పుడు తట్టలేదు.)

చదువయ్యాక బేతంచెర్లలో ఒక బండల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేరాను. అక్కడ పాలిష్ మిషన్ నడిపే ఆయన్ని అందరం పాలిషన్న అనేవాళ్ళం. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. బండను అరచేత్తో ఒకసారి తడిమి ఎక్కడ ఎత్తుందో చెప్పేసేవాడు. సూపర్‌వైజర్‌ని నేనైనా, పని నేర్పించింది ఆయనే. డిసెంబరులో ఒకరోజు, "పండగకు మా ఇంటికి రాప్పా, మా యమ్మ నిన్ను చూడాలంటాంది" అన్నాడు. మా ఇంట్లో క్రిస్మస్ అంటే స్కూళ్ళకు సెలవు, అంతే. అయినా వెంటనే ఒప్పుకున్నాను, ఆ ఒప్పుకోవడాన్ని ఒక త్యాగంలాగా లోలోపల దాచుకున్నాను. అదే ఊపులో ఉగాదికి మా ఊరు రమ్మని ఆయన్నీ పిలిచేశాను. పండగ పొద్దున కొత్త తెల్లచొక్కా తొడుక్కుని, "మతాలు వేరైనా మనసులొకటే" అని ఫోన్‌లో స్టేటస్ పెట్టి, ఎవరెవరు చూశారో దారి పొడుగునా చూసుకుంటూ పోయాను.

చర్చి గురించి నాకు తెలిసిందంతా సినిమాల్లో చూసిందే. బెంచీలుంటాయని, వాటి మధ్య బూట్లు టకటకలాడిస్తూ నడవొచ్చని అనుకున్నాను. గుమ్మంలోనే ఒక ముసలామె ఆపేసింది. "చెప్పులిడిసి రా నాయనా, దేవుని మందిరం ఇది." బూట్లు విప్పితే కుడికాలి సాక్సులోంచి బొటనవేలు బయటికొచ్చి అందరినీ పలకరించింది. లోపల చాపలు పరిచి ఉన్నాయి. ఖాళీ కనిపించిన చోట కూలబడ్డాను. పిల్లలు కిసుక్కున నవ్వుతుంటే తలెత్తి చూశాను కదా, మగవాళ్ళంతా అటు, నేనూ పట్టుచీరలూ ఇటు.

ఇంతవరకూ మామూలు తెలివితక్కువతనమే. ప్రార్థనయ్యాక పాస్టరుగారు, "కొత్తగా వచ్చిన తమ్ముడు రెండు మాటలు చెబుతాడు" అన్నారు. ఇంకేం కావాలి! లేచి గొంతు సవరించుకుని, "నేను రెడ్ల బిడ్డను. అయినా మీ మధ్య కూర్చున్నాను. ఈ పూట మీ ఇంట్లోనే అన్నం తింటాను" అని, చప్పట్ల కోసం ఆగాను. ఒక చంటిబిడ్డ ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. పాలిషన్న నేలచూపులు చూస్తున్నాడు. ఆ ముసలామే, "తిను నాయనా. ఆకలైతే అందురూ తింటారు" అంది.

ఆమె పాలిషన్న వాళ్ళమ్మని ఇంటికి పోయాకే తెలిసింది. పొట్టేలు మాంసం పలావు వద్దంటున్నా వడ్డిస్తూ, "ఉగాదికి మావోణ్ణి రమ్మన్యావంట గదా. ఆడ యాడ కూకోబెడతారు నాయనా వాణ్ణి?" అని అడిగింది. ఎత్తిపొడుపేమీ లేదు. కొడుకును ఊరికి పంపే తల్లి అడిగే మాట. "మా ఇంట్లోనే అమ్మా, నా పక్కనే" అన్నాను నోటి నిండా పలావుతో.

ఉగాది దగ్గర పడేకొద్దీ ఆ పలావు గొంతుకు అడ్డం పడసాగింది. మా ఇంట్లో పెద్దనాయన మాటే మాట. ఆయన్ని అడగాలంటే నాకు భయం, అడగలేనని పాలిషన్నకు చెప్పాలంటే సిగ్గు. నాలుగు రోజుల ముందు మూడో దారి దొరికింది. "అన్నా, మా పెద్దనాయన పోయినాడు. మాకు ఈ యేడు పండగ లేదు" అని చెప్పి, సెలవు పెట్టి ఊరికి పోయాను. గొప్పవాడి మంచితనం అలా ఒక ప్రాణం తీసింది.

ఉగాది నాడు పదకొండింటికి ఓళిగ కొరుకుతుంటే వసారాలో మాటలు వినిపించాయి.

"పెద్దాయన పోయినాడంట గదా, పలకరించను రెండు బస్సులు మారి వచ్చినాం సామీ."

"యా పెద్దాయనమ్మా?"

"పిల్లోని పెద్దనాయన."

కుర్చీలో ఉన్నాయన కాసేపు ఆలోచించి, "అది నేనే" అన్నాడు.

ఓళిగ పట్టుకునే గడపలోకి వచ్చాను. పాలిషన్న, వాళ్ళమ్మ. ఆమె చేతిలో అరటిపండ్లు. గుమ్మానికి కట్టిన మామిడాకులనూ, నా చేతిలోని ఓళిగనూ, నా ముఖాన్నీ వరసగా చూసింది. పాలిషన్న మాత్రం నా వైపే చూడలేదు. ఆమె ఆ పండ్లు పెద్దనాయన ఒళ్ళో పెట్టి, "నూరేండ్లు బతుకు సామీ" అంది. పెద్దనాయన కుర్చీ ఊగేలా నవ్వాడు. "రెండు బస్సులు మారి నా సావుకొచ్చినారా! నా కొడుకులు వస్తారో రారో! ఒమే, లోపల ఆకులెయ్యండి, నా దినం కూడు తినిపోతారు" అని కేకేశాడు. మా నడవలో చాప మీద కూర్చుని వాళ్ళు తిన్నారు. అన్నమాట ప్రకారం నేనూ పక్కనే కూర్చున్నాను.

పెద్దనాయన మారిపోయాడని రాస్తే కథ బాగుంటుంది. మర్నాడు ఆ చాప కడిగి గోడమీద ఆరేసి ఉంది. ఎవరు కడిగించారని నేను అడగలేదు.

ఫ్యాక్టరీలో పాలిషన్న ఒక్కసారే ఆ మాట తీశాడు. "ఉండేది ఉన్నట్టు చెప్పింటే సరిపోతాండె గదప్పా. యాడికి రావల్లో యాడికి రాగూడదో మాకు తెలీదా?" ఆ తర్వాత రెండేళ్ళు అక్కడే పనిచేశాను. క్రిస్మస్‌కు ఆయన పిలుస్తూనే ఉన్నాడు. నేను పోయి, నోరు మూసుకుని తిని వస్తూ ఉన్నాను.

పోయిన మాఘంలో పెద్దనాయన నిజంగానే పోయాడు. పాలిషన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"ఈతూరి నిజమేనాప్పా?"

చావింట్లో, అంతమంది మధ్య, నాకు నవ్వు పొంగుకొచ్చింది. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, "నిజమేనన్నా, అమ్మను పిల్చుకుని రా" అన్నాను. భుజాలు కదిలిపోతుంటే, దుఃఖమనుకుని వెనకనుంచి ఎవరో నా వీపు నిమిరారు.