పైకప్పు కొట్టి చూసే మనిషి

మా అన్న పోయి ఏడాది కావస్తోంది. భూపాలపల్లిలో ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం వేస్తామనీ, అందులో నాలుగు పేజీలు నేను రాయాలనీ అడిగారు. కథలు రాస్తాను కాబట్టి నాకిది సులువని వాళ్లనుకున్నారు. మూడుసార్లు రాసి మూడుసార్లూ పక్కన పెట్టాను. నా రాతలో డొల్ల ఎక్కడుందో చెప్పే మనిషి ఆయనే. ఆయన గురించి రాసింది ఎవరికి చదివి వినిపించాలో నాకు తెలియలేదు.

నా మొదటి కథ వచ్చేనాటికి నేను మహబూబాబాద్‌లో టీచరుగా చేరి నాలుగైదేళ్లయింది. మా ఊరు కొడకండ్ల పక్కన. అన్న నాకంటే పన్నెండేళ్లు పెద్ద. పదో తరగతి పాసై, వానలు పడని ఒక ఏడు భూపాలపల్లి పోయి బొగ్గు బాయిలో చేరాడు. మా వైపు గనిని బాయి అనే అంటారు. కొన్నేళ్లకు పరీక్ష రాసి సర్దార్ అయ్యాడు. లోపల బొగ్గును పేల్చాక అందరికంటే ముందు పోయి, పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసి, ఆ తర్వాత మిగతావాళ్లను రానిచ్చే పని అది.

ఆయన పని గురించి నాకు తెలిసింది అంతే. ఆడవాళ్లను అప్పట్లో బాయిలోకి దిగనిచ్చేవారు కాదు. సెలవులకు వాళ్ల క్వార్టర్‌కు పోయినప్పుడు నేను విన్నది షిఫ్టు సైరన్. చూసింది డాబా మీద ఆరేసిన బట్టలపై కరెంటు ఫ్యాక్టరీ బూడిద, సబ్బు ఎంత రుద్దినా అన్న కళ్ల అంచుల్లో మిగిలే నల్లటి గీత. ఈ కాస్తతో పద్నాలుగు పేజీల కథ రాశాను. పైకప్పు కూలి ఒక కార్మికుడు చనిపోయే కథ. అది ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చింది. మా స్టాఫ్ రూములో చదివినవాళ్లంతా "ఏడిపించినవ్ మేడం" అన్నారు. నేను ఆ వారమంతా నేల మీద నడవలేదు.

జనగామలో కొందరు నెలకోసారి కూర్చొని కొత్త కథల మీద మాట్లాడుకునేవారు. నన్ను రమ్మన్నారు. పొద్దున రైలెక్కి పోయాను. గ్రంథాలయం పైన ఒక గది, ఇరవై దాకా కుర్చీలు. మాట్లాడినవాళ్లలో కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. నా కథ ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చుకున్నారు. దాని నిండా పెన్సిల్ గీతలు.

"అమ్మా, మీరు చీకటి అనే మాట నలభై ఒక్క చోట్ల రాసిండ్రు. నేను లెక్కవెట్టిన. ఒక్క చోట గూడ నాకు కండ్లు కనవడకుండ పోలే."

అందరూ నవ్వారు.

"గీ కథల ఏడనన్న బాయి ఉన్నదా? లేదు. బాయి మీద ఇంతకుముందు వచ్చిన కథలున్నయి. మనిషి సచ్చిపోయిండు. వాని పేరు తప్ప వాని గురించి నాకేం తెల్వదు. మీరే ముందుగాల ఏడ్సి, ఇగ మీరు గూడ ఏడ్వుండ్రి అంటున్నరు."

వెనక నుంచి ఎవరో అన్నారు. "సార్, జర మెల్లగ."

"మెల్లగనే అంటున్న. గట్టిగంటె ఈమె ఇగ రాయదు."

మళ్లీ నవ్వులు. నేను తల ఊపుతూ, ఆయన చెప్పేది నోట్‌బుక్‌లో రాసుకుంటున్నట్టు కూర్చున్నాను. తిరుగు రైల్లో తెరిచి చూస్తే ఆ పేజీ నిండా నా సంతకాలే ఉన్నాయి.

ఇంటికి వచ్చి కథల నోట్‌బుక్కులు ఒక పాత చున్నీలో మూటకట్టి అటక మీద పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. బడికి పోయేదాన్ని, పిల్లల నోట్సులు దిద్దేదాన్ని. ఒక పిల్లవాడి వ్యాసం మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత గీయబోయి చెయ్యి ఆగిపోవడం గుర్తుంది. ఆ పెద్దాయన బాయి ముఖమైనా చూడలేదని, ఆయనకేం తెలుసని మనసులో వందసార్లు జవాబు చెప్పుకున్నాను. ఆ మాట మా అన్న నోటితో వినాలని ఎండాకాలం సెలవులు రాగానే భూపాలపల్లి బస్సెక్కాను.

ఆదివారం పొద్దున. క్వార్టర్ ముందు జామచెట్టు నీడలో ఇనుప మంచం మీద కూర్చొని ఉన్నాడు. వదినె లోపల చాయ్ పెడుతోంది.

"ఏంది చెల్లె, మొఖం గట్ల పెట్టినవ్?"

"నా కథను నలుగురి ముంగట బొందవెట్టిండ్రు అన్నా."

నోట్‌బుక్కులు మూటకట్టి అటక మీద పెట్టిన సంగతితో సహా జరిగింది చెప్పాను. పెద్దాయన మాటలను నేను కొంచెం పదును పెట్టే చెప్పాను. అన్న అడ్డురాకుండా విన్నాడు.

"సారు ఎన్నడన్న బాయిల దిగిండా?"

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. "దిగలే! ఎన్నడు దిగలే," అన్నాను.

"మరి దిగకుంటనే పట్టుకున్నడా?" ఆశ్చర్యపోయాడు. "చెవులున్నయ్ ఆయనకు."

లేచి పోదామనుకున్నాను. వదినె చాయ్ గ్లాసులు తెచ్చి మంచం మీద పెట్టింది కాబట్టి ఆగాను. అన్న లోపలికి పోయి, బీరువా అడుగున పరిచిన కాగితాల కింద నుంచి నా కథ తీసుకొచ్చాడు. మూడుసార్లు చదివానన్నాడు. బాగాలేదని నాకు ఎలా చెప్పాలో తెలియక రెండు నెలలుగా ఫోన్లో కథ మాట ఎత్తలేదట.

"గిది జూడు. బొగ్గు తల్లి వాని కండ్లకు కాటుక దిద్దింది అని రాసినవ్. ఏ తల్లి గట్ల కండ్లల్ల మంట వెడ్తది?"

వదినె ఫక్కున నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

"సరే, గది పోనీ. గీ కాడ జూడు. కప్పు కూలేటప్పుడు అందరు కేకలు వెట్టుకుంట ఉరుకుతున్నరు. ఎవరన్న కేకలు వెడ్తరా?"

"పానం మీదికి వస్తే కేకలు పెట్టరా అన్నా?"

"కేకలు వెడ్తె కప్పు చప్పుడు ఎట్ల ఇనవడ్తది?"

అప్పుడు చెప్పాడు. పైకప్పు కూలేముందు మాట్లాడుతుందట. పిడికెడు ఇసుక రాలినట్టు సన్నటి చప్పుడు, తర్వాత ఎక్కడో లోపల ఎండు పుల్ల విరిగినట్టు. అది వినగానే సర్దార్ చెయ్యి ఎత్తుతాడు. యంత్రం ఆపేస్తారు. నోట్లో ఉన్న మాట నోట్లోనే ఆగిపోతుంది. ఎటువైపు నుంచి వస్తోందో తెలిసేదాకా ఎవరూ కదలరు. ఆ తర్వాతే వెనక్కి జరుగుతారు, అదీ మాట్లాడకుండా.

నా కథలో ఆ మౌనం లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నేనే కేకలు పెడుతూ ఉన్నాను.

"ఇరవై ఏండ్ల సంది దిగుతున్న. ఒక్కనాడన్న అడిగినవా చెల్లె?"

అడగలేదు. అడిగితే బాధపడతాడని అనుకున్నానని ఆ రోజు చెప్పాను. అది పూర్తి నిజం కాదు. అడిగితే నా మనసులో ఉన్న బాయి చెడిపోతుందని నాకు భయం.

వరండాలో మూలన ఉన్న చీపురు కర్ర అందుకొని, అక్కడి కప్పు కింద కుర్చీ ఎక్కి, ఎలా చూస్తారో చూపించాడు. ఒక అరచెయ్యి పైకప్పుకు ఆనించాలి. రెండో చేత్తో పక్కనే కర్రతో కొట్టాలి. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. డొల్లయితే మెత్తగా దబ్బుమంటుంది, అరచేతికి సన్నగా వణుకు తెలుస్తుంది. చెవి మోసపోయినా చెయ్యి మోసపోదన్నాడు.

"డొల్ల ఉంటే పని ఆపేస్తరా?"

"ఎందుకాపుతం? గడ్డపార వెట్టి ఆ డొల్ల మేరకు మనమే ఊడగొడ్తం. అది మీద వడేదాక సూడం. ఊడగొట్టినంక కప్పుకు ఊతంగ కట్టె దిమ్మె నిలవెట్టి ముంగటికి పోతం." కుర్చీ దిగి మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. "నువ్వు మూటగట్టి అటక మీద ఎందుకు వెట్టినవ్?"

ఆ సెలవుల్లో రోజూ ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, తిన్నాక, నేను కథ చదివేదాన్ని. ఆయన కళ్లు మూసుకొని ఇనుప మంచం పట్టీ మీద ఒక చెయ్యి వేసి పడుకునేవాడు. డొల్ల అనిపించిన చోట వేలిగోరుతో పట్టీ మీద కొట్టేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. నేను అక్కడ పెన్సిల్ గీత పెట్టుకొని ముందుకు పోయేదాన్ని. కొన్నిసార్లు చాలాసేపు చప్పుడు ఉండేది కాదు. నా కథ గట్టిగా ఉందని సంతోషపడుతుంటే వదినె వంటింట్లోంచి అరిచేది. "నిద్రపోయిండు పిల్లా, మళ్ల సదువు!" నేను ఐదో తరగతిలో ఉండగా ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చింది. ఇప్పటికీ నన్ను పిల్లా అనే పిలుస్తుంది. ఒకరోజు చాలాసేపు మా ఇద్దరినీ చూసి, "కథ సదువుతున్నరా, పుచ్చకాయ కొంటున్నరా?" అంది.

పద్నాలుగు పేజీలు ఆరయ్యాయి. చీకటి అనే మాట రెండుచోట్ల మిగిలింది. మళ్లీ అచ్చయ్యాక జనగామ పెద్దాయనకు ఒక ప్రతి పంపాను. కార్డు రాశారు. ఈసారి బాయి ఉంది, ముగింపు మాత్రం ఇంకా ఏడుస్తోంది అని. ఆ కార్డు చదివి ఒక పూట అన్నం తినలేదు. రెండో పూట తిన్నాను. ఆయన చెప్పింది నిజమేనని ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ తర్వాత చాలా కథలు రాశాను. కొన్నింటిని తిట్టారు, ఇప్పుడు ఫోన్లలో ఇంకా తొందరగా తిడుతున్నారు. ప్రతిసారీ నొప్పి ఉంది. నొప్పి తగ్గాక, తిట్టిన చోట అరచెయ్యి ఆనించి చూసుకుంటాను. కొన్నిచోట్ల గట్టిగానే ఉంటుంది, వదిలేస్తాను. అన్న రిటైరై ఊరి చివర చిన్న ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ ఇనుప మంచం మీదే నా కథలు విన్నాడు. చివరిది సగమే విన్నాడు. గుండెనొప్పి అని దవాఖానకు తీసుకుపోయారు, తిరిగి రాలేదు.

మొన్న, మూడోసారి రాసిన ఆ నాలుగు పేజీలు పట్టుకొని వదినె దగ్గరికి పోయాను. మంచం అక్కడే ఉంది. ఆమె అంచున కూర్చుంది, నేను చదివాను. నా చెవి ఆ పట్టీ మీదే ఉంది. చప్పుడు రాలేదు. చదవడం అయిపోయాక వదినె అడిగింది.

"గిది ఎవరి గురించి పిల్లా?"

"అన్న గురించే కదా వదినె."

"మంచిగ రాసినవ్. గాని నాకు ఆయన ఏడ గూడ కనవడలే. చాయ్ సల్లగైతె గ్లాసు అవుతలికి నూకేటోడు, గది లేదు. భయమంటే తెలియని మనిషి అని రాసినవ్. ఎవరు జెప్పిండ్రు నీకు?"

పుస్తకం వేసేవాళ్లు చెప్పారు, నేనూ నమ్మాను.

"భయం లేనోడు కప్పెందుకు కొట్టి చూస్తడు?" అంది వదినె. "ఏ ఇంటికి పోయినా ముందుగాల పైకి చూసేటోడు. కొడకండ్లల పెండ్లికి పోతె బడిల పండుకోమన్నరు. అందరు నవ్వుతున్నా ఇనకుండ చీపురుకర్ర తెచ్చి కప్పంత కొట్టి చూసినంకనే నన్ను పండుకోనిచ్చిండు. నీ మానుకోట ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు గూడ చూసిండు. నువ్వు బడికి పోయినవ్. కుర్చేసుకోని అన్ని అర్రలు చూసి, అప్పుడు అన్నం తిన్నడు."

మానుకోట అంటే మహబూబాబాదే. ఆ కుర్చీ ఇంకా మా ఇంట్లో ఉంది.

"ఏమన్నడు వదినె?"

"అంత మంచిగనే ఉన్నదన్నడు. వంటింట్లనే జర డొల్లున్నది, చెల్లెకు ఎట్ల చెప్పాలె అన్నడు. చెప్పలేదా?"

చెప్పాడు. ఆ ఏడు వారానికోసారి ఫోన్ చేసి వంటింటి కప్పు పూత తీయించి కొత్తది వేయించమని పోరుపెట్టాడు. ఎందుకో చెప్పలేదు. పెద్దరికం చూపిస్తున్నాడని నేను విసుక్కున్నాను. చివరికి పోరు పడలేక తీయించాను. మేస్త్రీ గడ్డపార ఆనించగానే పొయ్యి మీది భాగం పెద్ద పెచ్చుగా ఊడి కింద పడింది. ఆ రోజు ఫోన్ చేసి చెబితే, "గట్లనా," అన్నాడు, అంతే.

నాలుగు పేజీలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. వదినెను ఒక కాగితం అడిగితే గోడకున్న పాత క్యాలెండర్ నుంచి ఒక నెల చింపి ఇచ్చింది. దాని వెనక వైపు మా వంటింటి నుంచి మొదలుపెట్టి రాయసాగాను.

వదినె చాయ్ పెట్టడానికి లేచింది.

"రాసినంక సదువు పిల్లా," అంది. "నేను నిద్రవోను."