వెంట్రుకతో చూసిన పదును

ఆ ఉదయం రంగూన్ రేవులో, నది అవతలి ఒడ్డున ఉన్న దలాకి వెళ్లే పడవ కోసం కూర్చున్నాను. పక్కనే మన్యం నుంచి వచ్చిన ఒక ముసలాయన బాణపు ములికిని సానరాయి మీద నూరుతున్నాడు. ముందురోజు ఆయన వేసిన బాణానికి పదును చాలక, అడవిపంది గాయంతో దలా పొదల్లోకి పారిపోయిందట. ఇప్పుడు దాన్ని వెతికి బాధ తీర్చాలట.

"తల్లీ, ఒక ఎంటిక ఇత్తావా? పదును సూడాల. నా బుర్ర మీద ఒక్కటీ మిగల్లేదు."

"ఏటి తాతా, నా ఎంటికతో పందిని కట్టేత్తావా?" అంటూనే పీకి ఇచ్చాను.

అంచున పెడితే తెగలేదు, జారిపోయింది. అంతలో పడవ వచ్చింది.

"రా తాతా, పంది దూరమైపోద్ది."

"నువ్వెల్లు తల్లీ. నిన్న తొందరపడబట్టే ఆ పందిని ఏడిపించినాను."

మళ్లీ నూరసాగాడు. నేను ఇంకో నాలుగు వెంట్రుకలు పీకి ఆయన చేతిలో పెట్టి పడవెక్కాను.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. కత్తిపీట సాన పట్టిన ప్రతిసారీ ఒక తెల్ల వెంట్రుకతో పదును చూస్తాను. అది తెగగానే ఆయనే గుర్తొస్తాడు. ఆ రోజు నది మధ్య నుంచి వెనక్కి చూస్తే, ఆయన లేచి నిలబడి రెండు చేతులూ ఎడంగా పైకెత్తాడు. అంత దూరానికి వెంట్రుక కనబడలేదు గాని, తెగిందని తెలిసింది.