రాలకముందే కోసిన దురియన్లు

రైలు పట్టాలు పీకేసి, ఆ దారిని నడిచేవాళ్లకూ సైకిళ్లవాళ్లకూ వదిలేశాకే మా సింగపూర్ జనం అసలు బుద్ధి నాకు తెలిసింది. కుక్క పెంటను బుద్ధిగా సంచిలో మూటగట్టి, ఆ మూటను పొదల్లోకి విసిరేస్తారు. మా వీధిలో ఉండే సర్కావిగారు ఎదురైతే "అంకుల్, పక్కకి జరుగు!" అని గంట కొట్టి మరీ అరుస్తారు. ఒకప్పుడు రైల్వే గేటు కాపలాదారుగా ఆయన గేటు వేస్తే ఎంతటివాడి కారైనా ఆగాల్సిందే.

ఆ గేటు పక్కన ఆయన భార్య రుగాయా పాతిన గింజ ఇప్పుడు పెద్ద దురియన్ చెట్టు, పనసలాంటి ముళ్లకాయలు కాస్తుంది. మా దగ్గర దురియన్‌ను ఎవరూ కోయరు. పండి దానంతటది రాలాలి. రుగాయా మంచం పట్టింది కాబట్టి ఆమె కోసం ఆయనే తెల్లారగానే వెళ్లి రాలిన పండు కోసం వెతికేవారు. ఎదురింటి నుంచి నాకు వాళ్ల మాటలు రోజూ వినపడేవి.

"రాలిందా, బాంగ్?" అని మొగుణ్ణి వాళ్ల మలయ్ పిలుపుతో అడిగేది.

"ఇంకా లేదు. రాళ్లేసి పడగొడుతున్నారు, దొంగవెధవలు."

"ఈ ఏడు తినకపోతే ఇక నాకు ప్రాప్తం లేనట్టే."

పడగొట్టినవి అక్కడే చీల్చి, పచ్చిగా ఉన్నాయని ఉమ్మేసి, ముళ్ల తొక్కలు దారి మీదే వదిలిపోయేవారు. ఒళ్లు మండి సర్కావిగారు మా ఊళ్లో అందరూ చేసే పనే చేశారు. ఆ దారి చూసుకునే సర్కారు ఆఫీసుకు ఫోను చేసి ఫిర్యాదు పెట్టారు. పక్కింటి చేపల వేపుడు వాసన తగిలినా ఇక్కడ ముందు చేసేది అదే.

వారం తిరక్కుండా క్రేన్ లారీ వచ్చింది. పనివాళ్లు పైకెక్కి ఒక్క కాయ మిగల్చకుండా కోసేశారు.

"పచ్చికాయలయ్యా! కొన్నాళ్లాగితే అవే రాలేవి," అని సర్కావిగారు మొత్తుకున్నారు.

"రాలతాయనే కదా అంకుల్ కోయించింది," అన్నాడు హెల్మెట్ పెట్టుకున్న అధికారి. "సైకిలోళ్ల నెత్తిన పడితే ఎవరిది పూచీ? ఇక రాళ్లేసేవాడూ ఉండడు. మీరడిగిందేగా!"

లారీ కదలకముందే సర్కావిగారికి ఆఫీసు నుంచి ఫోను, పక్కనున్న నాకూ వినపడింది. ఫిర్యాదు పరిష్కారమైందట. తృప్తిగా ఉన్నారా, అయిదుకి ఎన్ని మార్కులిస్తారు అని ఒక తియ్యటి గొంతు అడిగింది. థూ! నాకే ఉమ్మాలనిపించింది. ఆయన ఫోను పెట్టేసి, కోసి పడేసిన కుప్పలోంచి ఒక కాయ ఏరుకుని ఇంటికి నడిచారు. వెనకే నేనూ వెళ్లాను.

"రాలిందా?" మంచం మీంచి రుగాయా మొహం విప్పారింది.

"రాలింది."

కత్తి దిగబడక ఆయన చెయ్యి గీసుకుపోయింది. లోపల వాసన లేదు, తీపి లేదు. పచ్చి కర్రపెండలంలా గట్టిగా ఉంది. ఆమె కాస్త నమిలి అరచేతిలోకి ఉమ్మేసింది. ఆయన వంక అసహ్యంగా చూసింది.

"వాళ్లలాగా నువ్వూ రాళ్లేశావా, బాంగ్?"

ఆయన నా వైపు చూసి తల దించుకున్నారు.

"వేశానే. ఒక్కటే. నువ్వు అడుగుతున్నావని ఆగలేకపోయాను."

"సిగ్గులేదూ! మిగతావి ముట్టుకోకు," అంది రుగాయా. "రాలనీ."