రిబ్బను కత్తిరించేదాకా

మా ఆసుపత్రికి తాగుడు మాన్పించే వార్డు మంజూరైంది. పది మంచాలు వచ్చాయి, పరుపులు వచ్చాయి, ఫ్యాన్లు బిగించారు. నర్సుగా నాకు మూడు రోజుల ట్రైనింగు కూడా ఇచ్చారు. లోపం ఒక్కటే, వార్డు తెరవలేదు. తలుపుకి అడ్డంగా గులాబీ రంగు రిబ్బను కట్టి, దాన్ని కత్తిరించే నాయకుడి కోసం ఎదురుచూస్తున్నాం. ఆయనకి ఆ వారం తీరిక లేదు, పై వారం ముహూర్తం లేదు. ఈలోపు లోపలికి ఎవరూ వెళ్లకూడదని సూపరింటెండెంటు గారి ఆర్డరు. ఊడ్చే ఆవిడ కూడా రిబ్బను దాకా ఊడ్చి ఆగిపోయేది.

రోడ్డుకి అవతల బ్రాందీ షాపు. దానికి రిబ్బనూ లేదు, నాయకుడూ రానక్కర్లేదు. రోజూ టైముకి షట్టరు లేచేది. ప్రభుత్వం ఏం చేయాలో చెప్పేంతటి దాన్ని కాదు గానీ, ఆ షట్టరు లేచే టైముకి ఈ తలుపు కూడా తీస్తే చాలుననిపించేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న మా అన్నయ్య చేతిసంచితో వచ్చాడు. సంచిలో లుంగీ, తువ్వాలు, సబ్బు. అన్నయ్య మండపేట మిల్లులకి ధాన్యం లారీ తోలతాడు. తాగిన రోజు రెండు లవంగాలు నమిలి ఇంటికి వెళ్లడం అలవాటు. వదిన గుమ్మంలోనే నోరు తెరవమని వాసన చూసేది. లవంగం వాసన వస్తే చాలు, ఆ రోజుకి ఇంట్లో మాటల్లేవు. పన్నెండేళ్లుగా ఇదే తంతు. ముందురోజు మాత్రం ఆవిడ మౌనంగా ఊరుకోలేదు.

"ఇంకోసారి లవంగం వాసన వస్తే పట్టిసీమ వెళ్లిపోతానండి. మళ్లీ రాను," అంది. పట్టిసీమ ఆవిడ పుట్టిల్లు. అన్నయ్య నిజంగా భయపడ్డాడు.

"నన్ను చేర్పించెయ్ అమ్మాయ్," అన్నాడు నాతో.

సూపరింటెండెంటు గారు పాపం చాలా బాధపడ్డారు. "రిబ్బను కట్ చేయకుండా పేషెంటుని లోపల ఎలా పడుకోబెడతామమ్మా?"

"కిటికీలోంచి దిగుతానండి," అన్నాడు అన్నయ్య.

ఆయన కిటికీ వైపు కాసేపు చూశారు కూడా. పరుపుల మీద ప్లాస్టిక్ కవర్లు నలుగుతాయని చివరికి వద్దన్నారు.

డాక్టరు గారు వరండాలోనే పరీక్ష చేసి, మాత్రలు రాసి, బెంచీ మీద ఉండమన్నారు. మొదటి నాలుగు రోజులు నరకం. చేతులు వణికి టీ గ్లాసు నిలిచేది కాదు, చొక్కా చెమటతో తడిసిపోయేది. తలుపుకి అవతల పది ఖాళీ మంచాలు, ఇవతల బెంచీ మీద ముడుచుకుని మా అన్నయ్య. ఆ రిబ్బనుని పళ్లతో కొరికి తెంపెయ్యాలనిపించింది నాకు. ఆ పని ఒక మేక దాదాపు చేసేసింది. అది రిబ్బను కొస నములుతుంటే అన్నయ్య లేచి తరిమాడు. సూపరింటెండెంటు గారు సంతోషించి, కర్ర ఒకటి చేతికిచ్చి కాపలా పెట్టారు. అలా తాగుడు మానడానికి వచ్చినవాడు, ఆ వార్డులోకి ఎవరూ వెళ్లకుండా రెండు వారాలు కాపలా కాశాడు. రానురాను వణుకు తగ్గింది. మధ్యాహ్నం వదిన క్యారేజీ తెచ్చేది, నోరు తెరవమనేది, వాసన చూసి వడ్డించేది.

ఎట్టకేలకు నాయకుడి రాక ఖాయమైంది. ఆ ఉదయం ఒక ఆఫీసరు గారు ముందుగా వచ్చి, నాయకుడితో ఫొటోలో ఉండే పేషెంటుని చూపించమన్నారు. అన్నయ్య గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, తెల్ల చొక్కాలో నిలబడ్డాడు.

"ఇతను పేషెంటులా లేడు కదమ్మా," అన్నారాయన.

"మానేసి రెండు వారాలైందండి," అన్నాను.

"వార్డు తెరవకముందే మానేస్తే, వార్డు మాన్పించినట్టు ఎలా అవుతుంది?" ఆయన నిజంగానే ఇరుకున పడ్డారు. "పోనీ, కొంచెం తూలమనండి."

ఇంకో పది రోజులైనా లోపల ఉంటే మంచిదని డాక్టరు గారు అంతకుముందే చెప్పారు. ఆ మంచం ఎక్కడ దక్కకుండా పోతుందోనని అన్నయ్య ఒప్పుకున్నాడు. "ఎంతదాకా తూలమంటారండి?" అని మర్యాదగా అడిగాడు.

"వరండా మూడు మెట్లూ ఎక్కేదాకా చాలు."

రిబ్బను తెగింది. ఈ విద్యలో అన్నయ్య అనుభవం తక్కువది కాదు. మొదటి మెట్టు మీద ఎడమకి ఒరిగాడు, రెండో మెట్టు తప్పాడు, మూడో మెట్టు మీద నాయకుడి కండువా పట్టుకుని ఆగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. అప్పుడు గేటు దగ్గర క్యారేజీతో వదిన కనబడింది. అన్నయ్య తూలడం చూసేసింది. వెనుదిరిగి బస్టాండు వైపు నడిచింది.

అన్నయ్య మూడు మెట్లూ ఒక్క దూకు దూకి పరిగెత్తాడు.

"పేషెంటు పారిపోతున్నాడు, పట్టుకోండి," అని ఆఫీసరు గారు కేకేశారు. ఇద్దరు హోంగార్డులు, వాళ్ల వెనక నేను. సరిగ్గా బ్రాందీ షాపు ముందు అన్నయ్య వదినకి అడ్డంగా వెళ్లి నోరు తెరిచాడు. తెరిచిన నోటితో అలాగే నిలబడ్డాడు. షాపు దగ్గర జనం సీసాలు చేత్తో పట్టుకుని చూస్తున్నారు.

వదిన మడమలెత్తి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"లవంగం కూడా లేదు," అంది నా వైపు తిరిగి. నాకు నడిరోడ్డు మీదే ఏడుపొచ్చింది.

ఈలోపు హోంగార్డులు అన్నయ్యని చెరో పక్కా పట్టుకున్నారు. "లోపలికి తీసుకెళ్లాలండి, ఇంకో ఫొటో ఉందంట," అన్నాడొకడు.

"ముందు అన్నం తిననివ్వండి," అని వదిన బ్రాందీ షాపు మెట్టు మీదే కూర్చుని క్యారేజీ విప్పింది.